ఇరవై ఎనిమిదో రోజు

దెనిజ్లీలో మా ల్యాబు కింద టైర్లు బాగుచేసే కొట్టు.
పైన మేం కాంక్రీటు దిమ్మల్ని పగలగొడతాం.
పోత పోసిన రోజున ఏ దిమ్మా ఏమీ చెప్పదు.
ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళతొట్టిలో మునిగి ఉండి
ఆనక యంత్రం దవడల మధ్య కూర్చుని
ఒక్కసారే, ఒక్క మాటే చెబుతుంది.
మళ్ళీ అడగడానికి వీల్లేదు,
అప్పటికది పిండైపోయి ఉంటుంది.

ఇవాళ్టి దిమ్మ మీద పసుపు సుద్దతో రాసి ఉంది:
బాలికల వసతిగృహం, మూడో అంతస్తు, స్తంభాలు.
ముప్పై రావాలి.
పంతొమ్మిదిన్నర దగ్గర టప్‌మంది.
రెండోది ఇరవై.
మూడోది పంతొమ్మిదికి కూడా ఆగలేదు.

రెఫిక్ బే అబద్ధం రాయమనలేదు.
ఆయనెప్పుడూ అలా అనడు.
టీ గ్లాసు తనే తెచ్చి నా బల్ల మీద పెట్టి
"యంత్రం సరిగ్గా ఉందా గుల్సెరెన్, ఇంకోసారి చూడు" అన్నాడు.
ఇంకోసారి చూడటానికి అక్కడ దిమ్మ లేదు, పిండి ఉంది.
ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.
గ్లాసు పక్కన రెండు చక్కెర ముక్కలు.
మామూలుగా ఒకటే.

పోయిన శీతాకాలం అంకారా నుంచి ఒకావిడ వచ్చి
మాకు రెండు గంటలు నీతి చెప్పింది.
ఎవరికి మేలో ఎవరికి కీడో లెక్కెయ్యండి అంది.
అందరూ ఇలాగే చేస్తే ఏమవుతుందో ఊహించండి అంది.
రేపు పేపర్లో పడితే తలెత్తుకు తిరగగలరా,
అది కూడా మిమ్మల్ని మీరే అడుక్కోండి అంది.
మంచి ప్రశ్నలే. రాసుకున్నాను.
నిజాయితీగా ఉంటామనే వాళ్ళు చేతులెత్తండంటే అందరం ఎత్తాం,
రెఫిక్ బే రెండు చేతులూ ఎత్తాడు.
చెల్లెలి మొగుడి గురించి మాత్రం
ఆవిడ ఏమీ చెప్పలేదు.

ఆ స్తంభాలు పోయించింది మా చెల్లెలి మొగుడు యల్చిన్.
దొంగ కాడు.
మిక్సరు లారీ ఊరి మలుపులో గంటన్నర ఎండకి నిలిచిపోతే
లోపల పోత బిగుసుకుపోతోందని
నాలుగు బక్కెట్ల నీళ్ళు కొట్టించాడు.
లారీని వెనక్కి పంపితే ఆ డబ్బు అతని జీతంలో కోస్తారు.
కోసేవాడు ఆ ఎండలో నిలబడలేదు.
నేను అడిగినప్పుడు
స్తంభాల్లో పోయగా మిగిలిన నీళ్ళన్నీ
నా ముందు కూర్చుని నమిలాడు.

నేనేదో నిప్పులాంటి మనిషిననుకోకండి.
ఆరేళ్ళ కిందట, ఇరవై తొమ్మిది పాయింట్ రెండు వచ్చిన చోట
ముప్పై అని రాశాను.
గోరంత తేడా. ఎవరూ అడగలేదు, లంచమూ లేదు,
శుక్రవారం సాయంత్రం, ఇంటికి పోవాలి, అంతే.
ఆ ఇల్లు నిలబడే ఉంది. ఇంకా చాలాకాలం ఉంటుంది, లెక్కలు నాకు తెలుసు.
కింద రొట్టెల దుకాణం,
నువ్వులు వేగే వాసన వీధి చివరిదాకా వస్తుంది.
ఆరేళ్ళుగా నేను ఆ వీధిలో
అవతలి పక్కన నడుస్తున్నాను.

రెండు ముక్కల టీ తాగేశాను. పారబోయడం చాతకాలేదు.
పెన్ను తీసి పంతొమ్మిదిన్నర అని రాశాను,
దాని కింద ఇరవై,
దాని కింద పద్దెనిమిది పాయింట్ ఏడు.
ధైర్యం అనకండి.
ఈ ఊళ్ళో నడవడానికి నాకున్నవే కాసిని వీధులు,
ఇంకొకటి పోగొట్టుకోలేను.

రెఫిక్ బే కాగితం చూసి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, చాలాసేపు.
సంతకం పెట్టాడో లేదో తెలీదు. కాగితం ఆయన సొరుగులో ఉంది,
నకలు నా సంచిలో.

చెల్లెలి ఫోను. ఇది మూడోసారి.
చేతుల నిండా సిమెంటు దుమ్ము, కడుక్కుని ఎత్తుదామని
కుళాయి తిప్పాను.

ఎంత తేలిగ్గా వస్తాయో నీళ్ళు.